డీఎన్‌ఏ తేలేదాకా మృతదేహం ఎందుకు ఇవ్వరు? ఇంట్లో ఎవరు నమూనా ఇవ్వాలి?

2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం గుర్తుందా? ఆ తర్వాత భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కొన్ని మృతదేహాల కోసం ఒకటికి మించి కుటుంబాలు వచ్చాయి. మావాడేనంటే మావాడేనన్నాయి. వాళ్లు అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. నలిగి, ఉబ్బిపోయిన ముఖాన్ని చూసి కన్నతల్లి కూడా పొరబడొచ్చు. చొక్కా, ఉంగరం, జేబులో ఫోన్ కూడా గట్టి ఆధారాలు కావు. ఒక్క మృతదేహం వేరేవాళ్లకు వెళ్లి దహనమైపోతే రెండు కుటుంబాలకు అన్యాయం జరిగినట్టే.

అందుకే ఇంటర్‌పోల్ మార్గదర్శకాల్లో ప్రధాన ఆధారాలు మూడే: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. మన దగ్గర పళ్ల ఎక్స్‌రేలు దాచుకునేవాళ్లు తక్కువ. ఆధార్‌లో వేలిముద్రలున్నా, కాలిన వేలికి ముద్ర పడదు. దాంతో భారమంతా డీఎన్‌ఏ మీద పడుతోంది.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

శరీరం బాగానే ఉంటే రక్తం, కండరం సరిపోతాయి. కాలిపోతే తొడ ఎముక, దవడ పళ్లు తీసుకుంటారు. ఎముకను శుభ్రం చేసి, పొడి చేసి, అందులోంచి డీఎన్‌ఏ తీయడానికే ఎక్కువ సమయం పడుతుంది. శరీరం ముక్కలైతే ఒక్కో భాగానికీ విడిగా పరీక్ష చేయాలి.

తర్వాత, మనిషి మనిషికీ మారే కొన్ని చోట్ల డీఎన్‌ఏలో చిన్న వరుస ఎన్నిసార్లు రిపీట్ అయిందో లెక్కపెడతారు. ప్రతి చోటా రెండు అంకెలొస్తాయి. ఒకటి అమ్మ నుంచి, ఇంకొకటి నాన్న నుంచి వచ్చినవి. మృతుడికి ఒక చోట 12, 15 ఉన్నాయనుకోండి. తల్లికి 12, 14 ఉంటే, ఆ 12 ఆమెది కావచ్చు. 15 తండ్రిలో కనిపించాలి. ఇలా ఇరవై దాకా చోట్ల పోల్చి చూశాకే నిర్ధారిస్తారు.

ఎవరు వెళ్లాలి?

తల్లి, తండ్రి ఇద్దరూ ఇస్తే అంతకన్నా మంచి నమూనా లేదు. వాళ్లు లేకపోతే సొంత పిల్లలు. భర్త కోసం పిల్లల నమూనా ఇస్తున్నప్పుడు భార్య కూడా ఇవ్వాలి. ఆమె డీఎన్‌ఏ భర్తతో కలవదు గానీ, బిడ్డలో అమ్మ వాటా ఏదో తేలితే మిగిలింది నాన్నదే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే ఉంటే ఒక్కరితో సరిపోకపోవచ్చు, ఇద్దరు ముగ్గురు వెళ్లండి. ఇలాంటప్పుడు అక్క మొగుడో, ఊరి పెద్దో ముందుండి అన్నీ చూసుకోవడం మనకు అలవాటు. కాగితాల పనికి వాళ్లు అవసరమే, నమూనాకు మాత్రం రక్తసంబంధీకులే రావాలి.

రెండు విషయాలు దాచొద్దు. దత్తత తీసుకున్న బిడ్డయితే ముందే చెప్పండి, లేదంటే సరైన మృతదేహమే మీది కాదని తేలుతుంది. మేనరికం పెళ్లి అయితే అదీ చెప్పండి, బంధుత్వం లెక్కలు మారతాయి.

కాస్త రక్తం లేదా బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. మృతుడు ఒక్కడే వాడిన టూత్‌బ్రష్, రేజర్, దువ్వెన కూడా పనికొస్తాయి. కడగకుండా కాగితం కవర్లో పెట్టి ఇవ్వండి, ప్లాస్టిక్‌లో తేమ చేరి పాడవుతాయి. కాలిలో రాడ్ వేయించి ఉంటే ఆసుపత్రి కాగితాలు వెతకండి. దానిపై ఉండే నంబరుతోనే మనిషి ఎవరో తేలిన సందర్భాలున్నాయి.

ఎన్నాళ్లు?

260 మంది చనిపోయిన 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ విమాన ప్రమాదంలో అందరినీ గుర్తించడానికి రెండు వారాలు దాటింది. గుజరాత్ మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీని గుర్తించింది కూడా డీఎన్‌ఏతోనే. ఒడిశాలో మాత్రం నాలుగు నెలలు ఎదురుచూసినా 28 మృతదేహాల కోసం ఎవరూ రాలేదు. అక్టోబర్‌లో అధికారులే దహనం చేశారు. పోల్చడానికి బంధువుల నమూనా లేకపోతే ఏ ల్యాబూ ఏమీ చేయలేదు.

అసలేమీ దొరకకపోతే?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో ఇదే జరిగింది. 54 మంది మృతుల్లో 8 మంది ఆనవాళ్లు దొరకలేదు. మామూలుగా ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. పెద్ద ప్రమాదాల్లో మాత్రం అంతకాలం ఆగకుండా, విచారణ జరిపి ప్రభుత్వం మరణాన్ని ప్రకటించవచ్చు. 2021 చమోలీ వరదల తర్వాత ఉత్తరాఖండ్‌లో ఇలాగే చేశారు. మరణ ధ్రువపత్రం లేకపోతే బీమా, పరిహారం, పింఛను చాలాసార్లు ఆగిపోతాయి. ఆ విచారణలో మొదట అడిగేది మిస్సింగ్ ఫిర్యాదే. కాబట్టి మొదటి రోజే పోలీసులకు రాసిచ్చి, ఆ కాపీని, డీఎన్‌ఏ నమూనా ఇచ్చిన రసీదును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.