బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకు? మీ ఇంటి బియ్యం ధర వెనక ఉన్న నిబంధనలు ఇవే

పటేల్‌గూడలో కొత్త అపార్ట్‌మెంట్‌లోకి దిగాక మీరు మొదట కొనే సరుకుల్లో బియ్యం బస్తా ఒకటి. ఈసారి కొనేటప్పుడు బస్తా మీద బరువు చూడండి. కొన్నింటి మీద 25 కిలోలు అని ఉంటుంది, కొన్నింటి మీద 26 అని ఉంటుంది. ఆ అదనపు కిలో మిల్లు వాళ్లు ఉదారంగా ఇచ్చింది కాదు. దాని వెనక ఒక పన్ను నిబంధన ఉంది.

2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి, లేబుల్ వేసి అమ్మే బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అంతకుముందు రిజిస్టర్డ్ బ్రాండ్లకే ఆ పన్ను ఉండేది. అయితే ఇది 25 కిలోలు, అంతకంటే తక్కువ ఉన్న ప్యాకెట్లకే వర్తిస్తుంది. 25 దాటితే పన్ను లేదు. అందుకే మిల్లులు బస్తాను 26 కిలోలు, 30 కిలోలు చేశాయి. కిలో 60 రూపాయల రకం అనుకుంటే 25 కిలోల బస్తాకు 1,500, దాని మీద పన్ను 75 రూపాయలు. 26 కిలోల బస్తాకు ఆ 75 లేదు. ఇది దొంగతనమేమీ కాదు, నిబంధనకు లోబడే జరుగుతోంది. షాపతను పెద్ద బస్తా విప్పి మీకు ఐదు కిలోలు తూచి ఇస్తే దానికీ జీఎస్టీ లేదు. కాబట్టి బస్తా ధరలు పోల్చకండి, కిలో ధర లెక్క కట్టి పోల్చండి. ఐదు కిలోల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు పన్ను కడుతున్నారు, నెలకోసారి పెద్ద బస్తా కొనేవాళ్లు కట్టడం లేదు. జీతం చేతికొచ్చిన కొద్దీ కొంచెం కొంచెం కొనుక్కునే వాళ్లకే ఈ పన్ను తగలడం విచిత్రమే.

పన్ను సంగతి చిన్నది. బియ్యం ధరను నిజంగా పైకీ కిందికీ కదిలించేవి వేరే ఉన్నాయి. వాటి నిర్ణయాలు ఎక్కువగా ఢిల్లీలో జరుగుతాయి.

ధర మొదలయ్యేది ఎక్కడ?

వడ్లకు కేంద్రం ఏటా కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26 సీజన్‌కు సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2,389. మన రాష్ట్రంలో ఊళ్లలోని ఐకేపీ సెంటర్లు, సహకార సంఘాలు ఈ ధరకు కాంటా వేస్తాయి. తేమ 17 శాతం దాటకూడదు. ఆ వడ్లు మిల్లుకు వెళ్తాయి. క్వింటాలు వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం ప్రభుత్వానికి తిరిగివ్వాలి, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. తవుడు, ఊక, నూక మిల్లరుకే.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 2,389ని 67తో భాగిస్తే కిలో బియ్యానికి వడ్ల ఖర్చే దాదాపు 36 రూపాయలు. దీని మీద మిల్లు ఖర్చు, బస్తా, లారీ, వడ్డీ, పాత బియ్యం కావాలంటే నెలల తరబడి గోదాములో పెట్టిన ఖర్చు, షాపు లాభం. తవుడు, నూక అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. మద్దతు ధర పెరిగిన ప్రతిసారీ బస్తా ధర కింది మెట్టు కూడా పైకి జరుగుతుంది.

ఇక్కడ ఒక తిరకాసుంది. గ్రేడ్ ఏ అంటే సన్నబియ్యం అనుకుంటారు చాలామంది. కాదు. మీరు తినే సోనామసూరి రకాలూ, పొడవుగా ఉండే ఎంటీయూ 1010 కూడా అదే గ్రేడ్‌లోకి వస్తాయి. అంటే మద్దతు ధరలో సన్నానికి, దొడ్డుకు చెప్పుకోదగ్గ తేడా లేదు. సన్నాలకు పురుగు, తెగులు బెడద ఎక్కువ, దిగుబడి కాస్త తక్కువ. అదే ధర వస్తుంటే రైతు దొడ్డు రకమే వేస్తాడు. దీన్ని మార్చడానికే తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలుపెట్టింది. బోనస్ కలిపితే ఇందాకటి 36 రూపాయలు 43 అవుతుంది. బయటి వ్యాపారి ఊళ్లోకి వచ్చి సన్నవడ్లు కొనాలంటే ఆ ధరకు దగ్గరగా పెట్టాల్సిందే, లేకపోతే రైతు సెంటర్‌కే తోలుకెళ్తాడు.

2023 జూలైలో ఏం జరిగింది?

అమెరికాలో మీ వాళ్లెవరైనా ఉంటే ఈ తేదీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, ఇచ్చిన ఒక నోటిఫికేషన్‌తో అది అమల్లోకి వచ్చింది. పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని లేదు, 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టమే ఆ అధికారం ఇస్తుంది. ఆ వారాంతంలో అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు. ఇంటికి ఒకటే బ్యాగ్ అని బోర్డులు పెట్టిన స్టోర్లున్నాయి. మనవాళ్లు తినే సోనామసూరి నిషేధం పరిధిలోకే వచ్చింది మరి.

కేంద్రం చెప్పిన కారణం సూటిగానే ఉంది. ఏడాదిలో దేశంలో బియ్యం చిల్లర ధర 11.5 శాతం పెరిగింది. పైగా ఆ ఏడు ఎల్ నినో భయం. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. బయట ధర బాగుంటే సరుకు పోర్టుల వైపు వెళ్తుంది, లోపల ధర పెరుగుతుంది. గేటు మూస్తే లోపలే ఉండి ధర తగ్గుతుందన్నది ఆలోచన. ఆగస్టులో ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం వేశారు. నూకల ఎగుమతిని అంతకుముందే, 2022 సెప్టెంబరులో ఆపేశారు. సింగపూర్, మారిషస్, భూటాన్ లాంటి దేశాలకు మాత్రం ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో పంపారు.

మరి ధర తగ్గిందా? అనుకున్నంత తగ్గలేదు. 2024 ఫిబ్రవరిలో వ్యాపారులు, మిల్లర్లు తమ దగ్గరున్న బియ్యం నిల్వలను ప్రతి శుక్రవారం పోర్టల్‌లో చూపాలని ఆదేశించారు. అదే నెల 6న ‘భారత్ రైస్’ పేరుతో కిలో 29 రూపాయలకు అమ్మకం మొదలుపెట్టారు. ఎఫ్‌సీఐ గోదాముల్లో ఉండేది ఎక్కువగా దొడ్డు రకమే కాబట్టి సన్నబియ్యం అలవాటైన ఇళ్లకు అది పెద్దగా అక్కరకు రాలేదనే చెప్పాలి.

తర్వాత వానలు బాగా పడ్డాయి, గోదాములు నిండిపోయాయి. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేసి, టన్నుకు 490 డాలర్ల కంటే తక్కువకు అమ్మకూడదన్న షరతు పెట్టారు. నెల తిరగకుండానే, అక్టోబరు 23న, ఆ షరతూ పోయింది. ఉప్పుడు బియ్యం సుంకాన్ని కూడా అప్పుడే సున్నా చేశారు. 2025 మార్చిలో నూకలకూ దారి తెరిచారు.

ఈ పద్నాలుగు నెలల్లో ఎవరికేం మిగిలింది? నగరంలో ఉన్న మనకు బస్తా ధర ఇంకా పైకి పోకుండా కొంత ఆగి ఉండొచ్చు. కానీ పటేల్‌గూడ, బీరంగూడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లలో చాలామందికి మెదక్ వైపో, నిజామాబాద్ వైపో, నల్లగొండ వైపో ఇంకా పొలం ఉంటుంది. బయట దేశాల్లో బియ్యం ధర ఏళ్లలో లేనంత పెరిగిన సమయంలో ఆ లాభం ఊళ్లో మీ నాన్నకు చేరే దారి మూసేశారు. నెల సరుకుల్లో మీకు మిగిలిన దాంట్లో కొంత, ఆయన వడ్ల డబ్బుల్లో తగ్గినదే. ఎగుమతి నిషేధాన్ని వినియోగదారుడికి మేలు అని మాత్రమే రాసే వార్తల్లో ఈ సగం కనిపించదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. గేటు మన చేతిలోనే ఉంటుందనుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు బియ్యం అమ్మేందుకు ఒప్పందం చేసుకుని 2025 మార్చి 31న కాకినాడ పోర్టు నుంచి మొదటి విడత 12,500 టన్నుల ఎంటీయూ 1010 బియ్యం పంపింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ తన రైతుల కోసం బియ్యం దిగుమతులు నిలిపేసింది.

ఉప్పుడు బియ్యం గొడవ గుర్తుందా?

యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. ఆ వేడికి గింజలో పగుళ్లు వచ్చి, మిల్లులో పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. ఉడకబెట్టి ఆరబెట్టి ఆడిస్తే విరగదు. అందుకే మన యాసంగి పంటలో చాలాభాగం ఉప్పుడు బియ్యం అయ్యేది. అది మనం తినం, కేరళ, తమిళనాడు లాంటి రాష్ట్రాల్లో తింటారు. అక్కడ అవసరం తగ్గింది, ఇక తీసుకోలేమని 2021లో కేంద్రం చెప్పడంతో గొడవ ముదిరింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు. మరునాడే రాష్ట్రమే వడ్లు కొంటుందని కేబినెట్ నిర్ణయించింది. ఏ పార్టీది తప్పన్నది పక్కన పెడితే, ఆ సీజన్‌లో చాలామంది రైతులు వరి వేయాలా వద్దా తేల్చుకోలేకపోయారు.

నిల్వల మీద పరిమితి

వ్యాపారి ఎంత సరుకు దాచుకోవచ్చో చెప్పే అధికారం 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టంతో వస్తుంది. 2020లో దీన్ని సడలిస్తూ చేసిన సవరణ మూడు సాగు చట్టాల్లో ఒకటి. 2021లో వాటితో పాటే రద్దయింది. 2023 జూన్ 12న గోధుమల మీద పరిమితి పెట్టారు: హోల్‌సేల్ వ్యాపారికి 3,000 టన్నులు, చిల్లర దుకాణానికి 10 టన్నులు. తర్వాత ఆ అంకెలు పలుసార్లు మారాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ రోజూ రొట్టె తినే బిహార్, యూపీ కార్మికులకు పిండి ధర రూపంలో తగిలేది ఈ నిబంధనే.

రేషన్‌లో మీకు వచ్చేదేంటి?

2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితంగా. అందులో 5 కిలోలు 2013 ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం కోటా. అంతకుముందు ఇచ్చిన దొడ్డు బియ్యాన్ని చాలా ఇళ్లలో తినకుండా అమ్మేసేవారు. అది చేతులు మారి మళ్లీ మిల్లుకే చేరేది. ఇప్పుడు నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల సన్నబియ్యం వస్తే, బజారులో కొనే బస్తా దాదాపు తప్పినట్టే.

కార్డు లేదా? పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు.

కార్డు వేరే ఊళ్లో ఉందా? రాష్ట్రంలో ఎక్కడి కార్డయినా పటేల్‌గూడ పక్కనున్న షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. వేరే రాష్ట్రం కార్డుకూ ‘వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్’ కింద ఇస్తారు. దీన్ని దేశంలో మొదట పరీక్షించిన చోట్లలో తెలుగు రాష్ట్రాలు ఒకటి, 2019 ఆగస్టులో. అయితే ఆ కార్డు కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డయితే సరిహద్దు దాటాక పనిచేయదు. ఆంధ్రా నుంచి వచ్చిన కొందరికి ఇక్కడే చిక్కు వస్తుంది. కుటుంబంలో కొందరు ఊళ్లో, కొందరు ఇక్కడ ఉంటే కోటాను రెండు చోట్ల పంచి తీసుకోవచ్చు. మీ ఇంట్లో పనిచేసే ఒడిశా అమ్మాయికో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో ఈ సంగతి తెలియకపోవచ్చు, ఒకసారి చెప్పండి. వివరాలకు 14445కు ఫోన్ చేయొచ్చు, ‘మేరా రేషన్’ యాప్‌లోనూ చూసుకోవచ్చు.

రేషన్ షాపులో తూకం తక్కువైతే, డీలరు ఇవ్వనంటే 1967కు ఫిర్యాదు చేయండి. బయట కొన్న బస్తా తూకం తగ్గితే, రసీదు దగ్గర పెట్టుకుని 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. 26 కిలోలని రాసిన బస్తానైతే ఒకసారి షాపులోనే కాంటా మీద పెట్టించండి.