ఖాకీని ఓడించిన చాకిరేవు

మొన్న సంక్రాంతికి సెలవు మీద కంకిపాడు వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చాడు. సైన్యంలో జవాను. వాళ్ళమ్మగారు అతని మచ్చల యూనిఫారానికి నీలిమందు వేసి, చిక్కని గంజి పెట్టి, దండెం మీద ఆరవేశారట. "వద్దన్నా వినలేదండీ మాస్టారూ! గంజి లేకపోతే అది బట్టేనా అంటుంది" అని తల పట్టుకున్నాడు. ఆ మాట పట్టుకుని కాస్త చరిత్ర తిరగేశాను.

పారశీకంలో 'ఖాక్' అంటే దుమ్ము. దుమ్ములో దుమ్ముగా కలిసిపోవడమే ఖాకీ ఇచ్చే రక్షణ. 1846లో వాయవ్య సరిహద్దున హారీ లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్స్ దళం ఈ రంగును ముందుగా ధరించిన వాటిలో ఒకటి. 1857లో ఆంగ్లేయ పటాలాలు తమ తెల్లని దుస్తులను టీ, కాఫీ, బురదనీళ్ళలో ముంచి ఈ రంగుకు తెచ్చుకున్నాయి. అయితే అది ఉతుకులకు నిలువలేదు. ఒకే పటాలంలో ఒక్కొక్కరిది ఒక్కొక్క ఛాయ! శత్రువుకంటె ముందు చాకిరేవే ఆ రంగును ఓడించింది.

1884లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గాటీ అనే ఆయన ఉతికినా పోని ఖాకీకి పేటెంటు పొందాడు. క్రోమియం, ఇనుముల ఆక్సైడులు నూలుపోగులోనే ఏర్పడేటట్లు చేయడం అందులోని కిటుకు. రంగు బట్ట మీద పూత కాదు, బట్టలో భాగమన్నమాట.

ఈ సూత్రం మా బందరు రోడ్డు చివరివారికి కొత్తది కాదు. పెడన, మచిలీపట్నాల కలంకారీ పనివారు బట్టను కరక్కాయ నీటిలో ముంచుతారు. ఇనుపతుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నలుపు, పటికతో ఎరుపు పట్టిస్తారు. పారే నీటిలో మళ్ళీ మళ్ళీ జాడిస్తారు. అక్కడ ఉతుకు రంగుకు శత్రువు కాదు, పరీక్షాధికారి.

నేటి సైనికవస్త్రానికి చిక్కు మరొకటి. రంగు వెలియకపోయినా చాలదు, బట్ట మెరవకూడదు. తెల్లదనం పెంచడానికి సబ్బుపొడులలో కలిపే పదార్థాలు కంటికి కానరాని అతినీలలోహిత కాంతిని గ్రహించి నీలికాంతిగా వెలువరిస్తాయి. ఆకులలో కలిసిపోవలసిన మనిషి దానివల్ల వేరుగా కనబడతాడు. అమెరికా సైన్యపు నిబంధనలైతే పోరాట దుస్తులకు గంజిని పూర్తిగా నిషేధించాయి.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఆ తల్లికి ఇదే చెప్పాను. "మీ అబ్బాయి అక్కడ అందంగా కనబడడం కాదమ్మా, అసలు కనబడకపోవడమే మనకు కావలసింది" అన్నాను. ఆవిడ మారుమాటాడక దండెం మీది బట్టలు తీసి, గంజి వదిలేదాకా మంచినీళ్ళలో జాడించింది.