ఫిన్నిషు ప్రథమపాఠములు - ఆంధ్రవ్యాకరణము

బాపట్లకు సమీపముననున్న కర్లపాలెము గ్రామస్థుఁడు తన యూరిని గూర్చి చెప్పునపుడు "కర్లపాలెములో", "కర్లపాలెమునుండి", "కర్లపాలెమునకు" అని చెప్పును. ఉన్నచోటు, వచ్చినచోటు, పోవుచోటు - మూఁడును పేరు తుదనే తెలియును గాని పేరునకు ముందు వేఱొక పదము రాదు. ఐరోపాఖండపు ఉత్తరభాగమున, తన్నుఁ దాను "సుఒమి" యని పిలుచుకొను ఫిన్లండు దేశమునందలి తుర్కు నగరవాసియు నిట్లే చెప్పును. తుర్కులో ననుటకు "తురుస్స", తుర్కునుండి యనుటకు "తురుస్త", తుర్కునకు ననుటకు "తుర్కూన్". కర్లపాలెమువాఁ డా దేశమున నిలిచి తాను కర్లపాలెమునుండి వచ్చితినని చెప్పవలసినచో "కర్లపాలెమిస్త" యనవలెను. హలంతమైన పరభాషానామము తుద నికారమును జేర్చుకొనుట ఆ భాషకు సహజము. తెనుఁగు ఉకారమును జేర్చుకొనును. ఆంధ్రులకు "బ్యాంకు" అయినది వారికి "పన్‌క్కి".

నేఁడు హెల్సింకి, ఎస్పో నగరములలో ఉద్యోగార్థమై నివసించు తెలుఁగువా రున్నారు. ఆ దేశపౌరసత్వము కోరువారు ఫిన్నిషు గాని స్వీడిషు గాని తగినంత యెఱిఁగియుండవలెనని శాసనము. కావున నీ భాషయొక్క ప్రథమపాఠములు కొందఱికి జీవనావసరములైనవి. వానిని జేపట్టిన యాంధ్రుఁడు కొలఁదిదినములలోనే యది తన భాషవలె నున్నదని యాశ్చర్యపడును. ఆ యాశ్చర్యము క్రొత్తది కాదు. దానికి నూటయఱువది యేండ్లకుఁ బైఁబడిన చరిత్రము గలదు. ఆ పోలిక యెట్టిది, దానినుండి గ్రహింపఁదగిన దేమి, గ్రహింపరాని దేమి యను విచారమే యీ వ్యాసమునకు విషయము.

మొదట నా భాషాచరిత్రము కొంత తెలియవలెను. ఫిన్లండు 1809 వఱకు స్వీడను రాజ్యమునకు లోఁబడియుండెను. రాజకార్యములకు స్వీడిషు, శాస్త్రములకు లాటిను. ఫిన్నిషు కాఁపులయు జాలరులయు నోటి మాట. మికాయెల్ అగ్రికొల యను మతాచార్యుఁడు 1543 ప్రాంతమున నక్షరమాలాపుస్తకమును, 1548లో క్రైస్తవుల నూతననిబంధనమును ఫిన్నిషున నచ్చొత్తించెను. తుర్కు నగరమున 1640లో విద్యాపీఠ మేర్పడిన పిమ్మట, 1649లో ఎస్కిల్ పెత్రేయుస్ ఆ భాషకు వ్యాకరణము రచించెను. అది లాటినుభాషలో రచింపఁబడినది, లాటినుమార్గమునే యనుసరించినది. నన్నయభట్టారకుని పేర వెలసిన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నుండుటను ఎఱిఁగిన పండితులకు దీనియం దాశ్చర్యము కలుగదు. ఒక భాషకు లక్షణము చెప్పువారు తాము ముందుగా నేర్చిన శాస్త్రభాష చట్రమునే దానికిఁ దొడుగుదురు.

1809లో దేశము రుష్యాచక్రవర్తి వశమైనది. 1831లో ఫిన్నిషు సాహిత్యసమాజము స్థాపితమైనది. వైద్యుఁడైన ఎలియాస్ లోన్రోట్ కరేలియా ప్రాంతపు గ్రామములు తిరిగి, గాయకుల నోటఁ బాటలు వ్రాసికొని, వానిని గూర్చి "కలెవల" యను కావ్యమును 1835లోఁ బ్రకటించెను. 50 సర్గలు, 22,795 పాదములుగఁ బెంచి 1849లో మరలఁ బ్రకటించెను. ఆ కాలముననే గ్రంథభాషకుఁ బడమటి మాండలికము ప్రమాణమా, తూర్పు మాండలికము ప్రమాణమా యని పెద్ద వాదము జరిగెను. తుదకుఁ బడమటి భాష పునాదిగా నిలిచి, తూర్పు మాటలను విరివిగా స్వీకరించెను. 1863లో చక్రవర్తిశాసనము ఫిన్నిషునకు స్వీడిషుతో సమానప్రతిపత్తి కల్పించుటకు దారి తీసెను. 1917లో దేశము స్వతంత్రమైనది. బాపట్లలో 1913న ప్రథమాంధ్రమహాసభ జరుగుటయు, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడుటయు నెఱిఁగినవారికి భాషాభిమానము రాజ్యవ్యవస్థవఱకు నడచిన యీ క్రమము సుబోధము. గ్రాంథికవ్యావహారికవివాదచ్ఛాయయు నచ్చట నేఁటికిఁ గలదు. "నే నున్నాను" అనుటకుఁ బుస్తకమున "మిన్య ఒలెన్", వీథిలో "మ్య ఓన్". విద్యార్థి రెంటిని నేర్వవలెను.

ఇఁకఁ బాఠములు. ఫిన్నిషున మహాప్రాణములు లేవు; అచ్చతెనుఁగునను లేవు. క, త, ప లను ఊఁదక పలుకుట ఆంగ్లేయులకుఁ గష్టము, ఆంధ్రులకు సహజము. హ్రస్వదీర్ఘభేదము, ద్విత్వభేదము అర్థమును మార్చును: "తులి" యనఁగా నగ్ని, "తూలి" యనఁగా గాలి, "తుల్లి" యనఁగా సుంకము. తెనుఁగున గడి, గాడి, గడ్డి యనునట్టివే యివి. కష్టమైనది యొక్కటి: తెలుఁగులిపిలో గుర్తులేని స్వరములు కొన్ని యచ్చటఁ గలవు. వానిలో నొకటి, కోస్తాప్రాంతమువారు "వచ్చాడు" అనునపుడు చకారము మీఁద వినవచ్చు స్వరమునకు హ్రస్వరూపము వంటిది. ఈ వ్యాసమున నది యకారపు వత్తుతో సూచింపఁబడినది.

ఆ స్వరమే రెండవ పాఠమునకు ద్వారము. "తలొ" యనఁగా నిల్లు, ఇంటిలో ననుటకు "తలొస్స". "మెత్స్య" యనఁగా నడవి, అడవిలో ననుటకు "మెత్స్యస్స్య". ప్రత్యయ మొక్కటియే, ప్రకృతిలోని స్వరమునుబట్టి దాని స్వరము మాఱినది. ఇకారముమీఁది కు, ను, వు లలోని ఉకారము ఇకారమగునని చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ జెప్పినది యిట్టిదే: రామునకు, హరికి, రాముని విషయమున ప్రత్యయము నిలిచినది, హరి విషయమున మాఱినది. అయిన భేదము గలదు. ఫిన్నిషునఁ బ్రకృతియే ప్రత్యయమును శాసించును. తెనుఁగునఁ బ్రత్యయమును బ్రకృతిని శాసింపఁగలదు: పులి, పులులు; కత్తి, కత్తులు.

మూఁడవ పాఠము హల్లుల మార్పు. "కతు" యనఁగా వీథి, వీథియొక్క యనుటకు "కదున్". "తుప" యనఁగా గుడిసెలోని గది, దానికి షష్ఠి "తువన్". తకారము దకారమగును, పకారము వకారమగును. గసడదవాదేశమును వల్లించినవాఁ డిచ్చట నులికిపడక మానఁడు: వారు తెచ్చిరి, వారు దెచ్చిరి, వారు పోయిరి, వారు వోయిరి. కాని నిమిత్తమును బరీక్షింపవలెను. తెనుఁగున నీ యాదేశము రెండు పదములు కలియుచోట, ప్రథమాంతముమీఁద వచ్చును. ఫిన్నిషున నొక పదములోపలనే, అక్షరము హల్లుతో ముగిసినపుడు వచ్చును. కార్య మొక్కటియైనను నిమిత్తము వేఱైనచో సూత్ర మొక్కటి కాదు.

నాలుగవది వ్యతిరేకక్రియ. సంస్కృతమున "న వదామి, న వదసి" యనునపుడు నకార మవ్యయము. పురుషభేదము క్రియయందు నిలుచును. ఫిన్నిషునఁ బురుషభేదము నిషేధపదమునకే చేరును: ఎన్ పుహు, ఎత్ పుహు, ఎయ్ పుహు, ఎమ్మె పుహు, ఎత్తె పుహు, ఎయ్‌వ్యత్ పుహు. "పుహు" మాఱదు. తెనుఁగున నేను పలుకను, నీవు పలుకవు, వాఁడు పలుకఁడు, మేము పలుకము. ఇచ్చట నిషేధము క్రియలో లీనమైనది. అచ్చట విడిగా నున్నది. అయినను నిషేధమునకుఁ బ్రత్యేకక్రియారూపావళి యుండుట రెండు భాషలకును సమానము, సంస్కృతమునకు లేనిది.

ఇట్టి పోలికలే కాల్డ్వెల్ పండితుని నాకర్షించినవి. ఆయన 1856లోఁ బ్రకటించిన ద్రావిడభాషాతులనాత్మకవ్యాకరణమున ద్రావిడభాషలను ఫిన్నిషు మొదలగు వానితోఁ గూడ "సిథియను" వర్గమునఁ జేర్చెను. 1925లో ష్రాడర్ ద్రావిడయురాలికసంబంధమును మరలఁ బ్రస్తావించెను. 1944లో బరో దేహాంగముల పేళ్లను బోల్చి వ్యాసము వ్రాసెను. ఆంధ్రదేశపుఁ గోయభాషను బరిశీలించిన టైలర్ 1968లోఁ బదసామ్యములను సేకరించెను. ఒంగోలున జనించిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003లోఁ బ్రకటించిన ద్రావిడభాషాగ్రంథమున నీ వాదములను బరిశీలించి, ద్రావిడమునకు ఇతరకుటుంబములతోడి చుట్టఱికము నిరూపితము కాలేదనియే నిర్ణయించెను.

ఎందుచేత? చుట్టఱికమునకు రుజువు వినికిడి కాదు, నియతమైన ధ్వనివ్యవస్థ. కన్నడమున "కివి" తెనుఁగున "చెవి". కన్నడమున "కెఱె" తెనుఁగున "చెఱువు". ఎ, ఇ లకు ముందున్న కకారము తెనుఁగునఁ జకారమైనది. ఇది యొక మాటకుఁ జెందినది కాదు, ఒక శ్రేణికిఁ జెందినది. ఫిన్నిషున "కల" యనఁగాఁ జేప, హంగరీభాషలో "హల్"; ఫిన్నిషున "కొల్మె" యనఁగా మూఁడు, హంగరీభాషలో "హారొమ్". ఇదియు శ్రేణియే. తెనుఁగునకును ఫిన్నిషునకును నడుమ సర్వసమ్మతమైన యిట్టి శ్రేణి నిలువలేదు.

చేయి యను మాటను దృష్టాంతముగాఁ గొనవచ్చును. ఫిన్నిషునఁ జేయి "క్యసి", చేతియొక్క యనుటకు "క్యదెన్". తెనుఁగునఁ జేయి, చేతి. రెండుచోట్లను బ్రథమయందు లేని దంత్యవర్ణము షష్ఠియందుఁ గనఁబడుచున్నది. తొందరపడువాఁ డిచ్చటనే చుట్టఱికమును నిశ్చయించును. కాని ఫిన్నిషు దంత్యము ధాతుగతము: ప్రాచీనరూపము "క్యతె", తుది యెకార మికారమై, దానికి ముందున్న తకారము సకారమైనందున "క్యసి" యేర్పడినది. తెనుఁగు "తి" యౌపవిభక్తికము, పైనుండి చేరినది: రాయి, రాతి, గోయి, గోతి, నేయి, నేతి. కావునఁ బోల్చవలసినది చేతిని గాదు, కన్నడమున "కయ్" అని నిలిచిన మూలమును మాత్రమే. అపుడు రెండు భాషలలో మిగులు పోలిక కకారమును దాని మీఁది స్వరమును మాత్రమే. సంఖ్యలలో "నెల్య" యనఁగా నాలుగు. వినుటకు దగ్గఱగా నున్నది. మిగిలిన యొకటి, రెండు, మూఁడు, అయిదు కలియవు. ఇఁక "కుక్క" యను మాట యక్షరాక్షరము సమానము. ఫిన్నిషున దాని యర్థము పువ్వు!

వాక్యరచనయు నట్లే మోసపుచ్చును. "నాయొద్దఁ బుస్తక మున్నది" యనుటకు ఫిన్నిషున "మినుల్ల ఒన్ కిర్య". కలిగియుండుట యను సకర్మకక్రియ లేకుండుట తెనుఁగునకును ఫిన్నిషునకును సమానమే. కాని "మమ పుస్తకమస్తి" యను సంస్కృతమున కది లేదా? వాక్యరీతి యొక్కటియే ప్రమాణమైనచో సంస్కృతమును ఫిన్నిషునకు జ్ఞాతి కావలసివచ్చును. ప్రత్యయములు వరుసగాఁ జేరుటయు, స్వరానుసరణమును దురుష్కభాషయందును గలవు. ఇవి భాషాస్వభావమును దెలుపును గాని జన్మమును దెలుపవు.

అట్లైనఁ దెనుఁగునకు ఫిన్నిషుతో నిరూపితమైన సంబంధ మేదియు లేదా? ఒకటి గలదు, అది యెవరు నూహింపని చోట నున్నది. ఫిన్నిషున నూఱునకు "సత" యని పేరు. ప్రాచీనకాలమున నా భాషాపూర్వికులు ఆర్య-ఇరానీయజనులతో మెలఁగి స్వీకరించిన మాట యది. "వసర" యను సుత్తి పేరును వజ్రశబ్దమునకు జ్ఞాతియైన మాటనుండి వచ్చినదే. తెనుఁగున నూఱు దేశ్యము, శతము తత్సమము. "శతము" తెనుఁగునకును, "సత" ఫిన్నిషునకును ఒకే కుటుంబమునుండి వేఱువేఱు కాలములలో వేఱువేఱు దారులఁ జేరిన యెరవుసొమ్ము. నిశ్చయమైన పోలిక యిదే. ఇది చుట్టఱికమును జూపదు.

ఈ విషయ మాంధ్రభాషాచరిత్రమున మిక్కిలి ముఖ్యము. తత్సమముల సంఖ్యనుజూచి తెనుఁగు సంస్కృతజన్యమని పూర్వులు నమ్మిరి. 1816లో క్యాంబెల్ తెలుఁగువ్యాకరణమునకు వ్రాసిన యుపోద్ఘాతమున ఎల్లిస్ ఆ మతమును ధాతువులతో ఖండించెను. చిలుకూరి నారాయణరావుగారు 1937 నాఁటి ఆంధ్రభాషాచరిత్రమున గొప్ప సామగ్రిని గూర్చి, తెనుఁగు ప్రాకృతజన్యమని మరల వాదించిరి. వారి పాండిత్యము గౌరవార్హమైనను, ఎరువును జన్మముగా నెంచుట యా వాదమునందలి లోపము. ఫిన్నిషును దెనుఁగునకు సోదరి యనువారు స్వభావమును జన్మముగా నెంచుచున్నారు. దోషము లిరుదెఱఁగులైనను మూల మొక్కటి: స్వభావము, జన్మము, ఎరువు అను మూఁటిని వేఱుసేయకుండుట.

అయినఁ జుట్టఱికము లేనంతమాత్రమునఁ బాఠము నిష్ఫలము గాదు. ఫిన్నిషున విభక్తులు 15. వానిలో స్థలమును దెలుపు నాఱింటిని ఇప్పటి వ్యాకర్తలు లోపలివి, వెలుపలివి యని రెండుగాను, ఉండుట, వెడలుట, చేరుట యని మూఁడుగాను విభజింతురు. ఇది లాటినునుండి తెచ్చిన చట్రము గాదు, ఆ భాషనే చూచి యేర్పఱచినది. తెనుఁగు పాఠశాలలలో "కి, కు, యొక్క, లో, లోపల" షష్ఠియనియు, "అందు, న" సప్తమియనియు వల్లింతురు. "జనులలో శ్రేష్ఠుఁడు" అనునపుడు లోకారము నిర్ధారణషష్ఠికి సరిపోవును. సూరి యేర్పాటునకు శాస్త్రాధారము గలదు. కాని కర్లపాలెములో నున్నవానికిని, కర్లపాలెమునకుఁ బోవువానికిని ఒకే విభక్తి యేల వచ్చెనని బాలుఁ డడిగినచో, సంస్కృతమున నట్లున్నదను సమాధాన మతనికిఁ జాలదు. తెనుఁగు ప్రత్యయము లే పనిచేయునో తెనుఁగు వాక్యములలోనే చూపి చెప్పవలెను. కర్లపాలెము బాలునికిఁ దన యూరి పేరే యందులకుఁ జాలిన యుదాహరణము.