బండి వెంట నీళ్ళు

నిరుడు మా చిన్న క్యాంపింగ్ ట్రైలరుకు మంచినీళ్ళ ట్యాంకు నేనే తయారుచేసుకున్నాను. ఇక్కడ అమెరికాలో దొరికే ట్యాంకులేవీ దానిలో పట్టలేదు. నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు ఐదేసి అడుగులవి రెండు కలిపి, కొసలకు మూతలు అతికించి, కప్పు అంచున కట్టాను. సుమారు పాతిక లీటర్లు. కుళాయి తిప్పితే కొంచెం కారి ఆగిపోయింది. లోపలికి గాలి పోవడానికి రంధ్రం పెట్టడం మరిచాను! నాకు ముందు బండి వెంట నీళ్ళు మోసుకుపోయినవారు ఏమి చేశారో తెలుసుకోవాలన్న కోరిక ఆ సిగ్గులోంచే పుట్టింది.

1840లలో ఆరెగాన్ దారి పట్టిన వలస కుటుంబాలు బండి పక్కన చెక్క పీపా కట్టుకునేవి. పీపా నిండుగా ఉన్నంతకాలం మంచిదే. ఖాళీ అయి ఎండకు ఎండితే చెక్కలు ముడుచుకుని, తిరిగి నింపిన నీరు సందుల్లోంచి కారిపోతుంది. ఎండాకాలంలో బండి చక్రాలను చెరువులో నానబెట్టడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కారు వెనుక ఇల్లు కట్టుకునే వేడుక 1930లలో బాగా సాగింది. 1936లో వాలీ బయమ్ అమ్మకానికి తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్‌లో నలుగురికి పడకలూ, దీపాలూ, సొంత నీటి సరఫరా ఉండేవి. ధర 1,200 డాలర్లు. ఆర్థిక మాంద్యపు రోజులలో అంత పెట్టగలిగినవారెందరు? మిగిలినవారు పత్రికలలో వచ్చిన నమూనాలు చూసి ప్లైవుడ్‌తో సొంతంగా కట్టుకున్నారు. చెక్కపని వచ్చినవారికి బండి కట్టడం సులువే, నీటితొట్టి దగ్గరే చిక్కంతా. ఆ కాలంలో జింకుపూత రేకును మడిచి అతికేవారు. ఆ అతుకు లోహంలో పెద్ద వాటా సీసానిది. తాగునీటి గొట్టాలకు సీసపు అతుకులను అమెరికా నిషేధించింది 1986లో గాని కాదు. అంటే అర్ధశతాబ్దం! ఆ నీళ్ళు తాగిన పిల్లల సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం 1937 నాటి జర్మన్ సైనిక డబ్బా. తరువాత జెర్రీక్యాన్ అన్న పేరు దానికి స్థిరపడింది. పట్టేది 20 లీటర్లు, పైన మూడు పిడులు. ఒక్కరైనా మోయవచ్చు, ఇద్దరు చెరొకవైపు పట్టుకోవచ్చు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సేనల పలుచని రేకు డబ్బాలు ఇంధనాన్ని కార్చుకుంటూ ఉంటే, చేజిక్కిన జర్మన్ డబ్బాలను వారే దాచుకుని వాడుకున్నారు. నీటి డబ్బా మీద తెల్లని శిలువ గుర్తు వేసేవారు, చీకటిలో పెట్రోలుతో పొరబడకుండా. అన్నిటికంటె ముఖ్యం, మూతి లోపల సన్నని గాలి గొట్టం! నేను మరిచినదే.

1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనుకోకుండా కనుగొన్న పాలిథిలీన్ చివరికి పీపానూ, రేకునూ పక్కకు నెట్టింది. తుప్పు లేదు, అతుకు లేదు. కాని బరువును ఏ పదార్థమూ తగ్గించలేదు. లీటరు నీరు కిలోయే. సగం నిండిన పెద్ద తొట్టిలో నీరు అటూ ఇటూ ఊగి బండిని లాగుతుంది. అందుకే తొట్టిని ఇరుసు దగ్గర పెట్టి, లోపల అడ్డుపలకలు వేస్తారు.

నా గొట్టం మీద రాతలు అప్పుడు చదివాను. అది మురుగునీటికి చేసినది. తాగునీటి ముద్ర ఉన్న గొట్టం మళ్ళీ కొని, ఈసారి మొదట గాలి రంధ్రమే తొలిచాను. పాతది పెరట్లో చిక్కుడు పాదుకు ఊతగా నిలబడి ఉంది.