మనమెఱుగవలసిన నగరములు

ఒక దేశమునందు పుట్టి పెరిగినవారందఱును పేరైన వినియుండవలసిన నగరములేవి యని యడిగినచో, మన యిండ్లలోని పిల్లలు తడువుకొనక యుత్తరము చెప్పుదురు. ఢిల్లీ, కలకత్తా, ముంబయి, చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదు అని వ్రేళ్లు మడచుచు పోయి, పిమ్మట విజయవాడను, విశాఖపట్టణమును చేర్చుదురు. ఇంటివా రెవరైన విదేశమున నున్నచో డల్లాసును, న్యూజెర్సీయు నా పట్టికలోనికి వచ్చును. న్యూజెర్సీ యొక నగరము కాదనియు, అనేక నగరములు గల రాష్ట్రమనియు చెప్పినను మన ముసలమ్మలు నమ్మరు. పరిహాసమునకై దీనిని చెప్పుటలేదు. కొడుకు కాపురమున్న యూరి పేరు తల్లి యెఱిగియుండుట ధర్మమే. అయినను ఆ పట్టికను కొంచెము పరికించినచో, మనము జీతము కొఱకు పోవు నగరములు మాత్రమే యందు గలవనియు, మనలను మనుష్యులనుగా తీర్చిన నగరములం దొక్కటియు లేదనియు తేటపడును.

జనసంఖ్యయే ప్రమాణమైనచో బాబిలోను పేరు నెవ్వరును తలపరాదు. అది నేడొక మట్టిదిబ్బ. అట్లయ్యును దాని పేరు వినలేదని చెప్పుకొనుటకు ఏ దేశపు చదువరియైనను సిగ్గుపడును. కావున నగరము పెద్దదా చిన్నదా యని గాక, దాని పేరు తుడిచివేసినచో మన జీవితమున నేది యర్థము కాకపోవునని యడుగవలెను. ఈ పరీక్షను మేము దూరదేశములకు పోక పొన్నూరి చుట్టుపట్లనే చేసి చూడదలచితిమి.

పొన్నూరికి పశ్చిమమున ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి నేలలు; తూర్పున కృష్ణకాలువల క్రింది వరిచేలు. ఈ ప్రదేశపు టూళ్ల పేర్లను వరుసగా చదువుడు. పొన్నూరి పురపాలకసంఘములోనే చేరియున్న నిడుబ్రోలు, గుంటూరి త్రోవలోని చేబ్రోలు, తూర్పున భట్టిప్రోలు, దక్షిణముగా పోయినచో చందవోలు. ప్రోలు అనగా పాత తెలుగున పట్టణము. నిడుబ్రోలు నిడుపైన పట్టణము, చేబ్రోలు చెంబ్రోలు, అనగా శాసనములలోని తామ్రపురి, చందవోలు సనదవ్రోలు. నేడు మనము పల్లెలని తలచు నీ యూళ్లు తమ పేరుల చివర పట్టణమను మాటను మోయుచునే యున్నవి. ఆ మాట యర్థమును మఱచినవారము మనము.

చేబ్రోలునందు శాతవాహనరాజైన విజయుని సంస్కృతశాసన మొకటి దొరకినట్లు పురావస్తుశాఖవారు 2019లో ప్రకటించిరి. క్రీ. శ. 207 ప్రాంతపుదైన యా శాసనము దక్షిణదేశమున నింతవఱకు దొరకిన సంస్కృతశాసనములలో నతి ప్రాచీనమని వారి నిర్ణయము. అందు సప్తమాతృకల గుడి ప్రస్తావన గలదు. వేయి సంవత్సరముల తరువాత, 1213లో, కాకతి గణపతిదేవుని సేనాని జాయప అదే యూర శాసనము వేయించెను. నృత్యమునుగూర్చి నృత్తరత్నావళిని రచించిన జాయప యితడే. కత్తిపట్టిన చేతితో నాట్యశాస్త్రమును వ్రాసిన సేనానులు లోకమున నెందఱున్నారో మే మెఱుగము; మన పొరుగూర నొకడు పని చేసెనని మాత్రము చెప్పగలము.

చందవోలు వెలనాటిచోడుల రాజధాని. పండ్రెండవ శతాబ్దిలో కోస్తాంధ్రమున పెద్దభాగము వీరి యాజ్ఞకు లోబడియుండెను. పల్నాటి కథను మన పల్లెలలో నెఱుగనివారు లేరు. నాయకురాలి నాగమ్మను, బ్రహ్మనాయుని, బాలచంద్రుని పేరుపేరున చెప్పుదురు. అలుగురాజునకు పల్నాటిసీమ యెట్లు వచ్చినదని యడిగినచో మాత్రము చాలమంది యూరకుందురు. వెలనాటి రాజు తన కూతురు మైలమదేవినిచ్చి పెండ్లిచేసి, ఆ సీమను అరణముగా నిచ్చెనని కథ చెప్పుచున్నది. వరకట్నమునుగూర్చి వ్యాసములు వ్రాయువా రీ సంగతిని గమనింపవలెను: ఒక కన్యతో నొక మండలమే పోయినది, దాని వెంట నొక యుద్ధమును వచ్చినది. పదుమూడవ శతాబ్ది యారంభమున కాకతీయులు వెలనాటిని జయించిన పిమ్మట చందవోలు మెల్లమెల్లగా పల్లెయైనది. అచటి లింగోద్భవస్వామి గుడి నేటికిని గలదు.

రాజుల సంగతి యింతటితో చాలును. భట్టిప్రోలు విషయమున కొంత తడవు నిలువవలసియున్నది. 1892లో అలెగ్జాండరు రే యను దొర యచటి స్తూపమును త్రవ్వగా, లోపల రాతి భరిణెలును, వాని యందు స్ఫటికపు కరండములును దొరకెను. క్రీస్తునకు పూర్వము రెండుమూడు శతాబ్దుల నాటివని యెంచబడుచున్న యా భరిణెలమీద ప్రాకృతభాషలో వ్రాతలున్నవి. ఆ యక్షరములు బ్రాహ్మిలో నొక ప్రత్యేకమైన రీతివి యగుటచే, దక్షిణదేశపు లిపుల చరిత్ర వ్రాయు ప్రతి పండితుడును భట్టిప్రోలు పేరు చెప్పక ముందునకు పోజాలడు. కుబీరకుడను రాజు పేరందు గలదు. మా మనస్సును పట్టినది రాజు పేరు కాదు. ఒక భరిణెమీద నిగమసభ్యుల పేర్లు వరుసగా చెక్కబడియున్నవి. నిగమమనగా పట్టణమునందలి వర్తకులును పెద్దలును కూడిన సంఘము. సంఘముగా కూడి యొక పని చేసి, తమ పేర్లను తాము వ్రాయించుకొన్న పౌరులు రెండువేల యేండ్లకు పూర్వమే యీ కాలువగట్టున నుండిరన్నమాట. స్ఫటికపు పలక యొకదానిమీద నందపురపు స్త్రీల దానము చెప్పబడినది. వారి భర్తల పేర్లు గాని తండ్రుల పేర్లు గాని యందు లేవు. స్త్రీకి స్వంతముగా నిచ్చు నధికారము పూర్వాచారమునకు విరుద్ధమని వాదించు పెద్దలు మన వీథులలో నింకను గలరు. పూర్వమనగా నెంత పూర్వమో వారిని ముందడుగవలెను.

ఇటువంటి సాక్ష్యము కృష్ణయొడ్డున అమరావతిలో మఱింత విస్తారముగ నున్నది. శాతవాహనుల నాడు ధాన్యకటకమని ప్రసిద్ధికెక్కిన యా నగరపు మహాచైత్యమునకు రాళ్లిచ్చినవారిలో భిక్షుణులు, గృహిణులు, వర్తకులు పలువు రున్నారు. విధికుడను చర్మకారుడు, నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు, తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణఘటమును చెక్కిన పలక నొకటి దానము చేసెను. తోలుపని చేయువానికి ఉపాధ్యాయుడైన తండ్రి! తరువాతి కాలమున వానిని గుడి మెట్టైన నెక్కనీయని సమాజ మేర్పడినది. నేటి ఆంధ్రప్రదేశపు ప్రభుత్వచిహ్నమునందలి పూర్ణఘటము అమరావతి శిల్పరీతిలోనిదే. ప్రతి ప్రభుత్వపత్రముమీదను చిహ్నమును చూచుచున్న మనము అట్టి పూర్ణఘటము నిచ్చిన విధికుని పేరు నెన్నడైన విన్నామా?

ఈ రెండు చోట్లను జరిగిన నాశమునుగూడ చెప్పవలెను. అమరావతిలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు క్రొత్త పట్టణము కట్టించుకొను దినములలో దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు వాడిరి. 1797లో వచ్చి చూచిన మెకంజీ దొర 1816లో మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. 1845లో ఎలియటు దొర త్రవ్వించిన శిలలు చెన్నపట్టణమునకు పోయి, వానిలో ననేకము 1859లో లండనునకు ఓడ నెక్కినవి. నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు గుడి కట్టించినవాడును ఈ వేంకటాద్రినాయుడే. ఒక యూర గుడి కట్టిన చేయియే మఱియొక యూర చైత్యమును కూల్చినది. ఆ దిబ్బ యేమిటో యాయనకు తెలియదు, తెలిపినవారును లేరు. భట్టిప్రోలునందు రాజుకూడ నక్కఱలేకపోయెను. స్తూపపు ఇటుకలు బాటలకును, చలువరాళ్లు వెల్లటూరి తూమునకును పోయినవి. కాలువలు త్రవ్వించిన యింజనీర్లు వరిపంట నిచ్చి మనకు మేలుచేసిరి, సందేహము లేదు. తూము కట్టుటకు మఱియొక చోట రాయి దొరకక పోదు. ఊరివారికి ఆ స్తూపము పేరు తెలిసియుండినచో నొక్క నోరైన నడ్డుపడియుండును.

ఇక మోటుపల్లి. చినగంజాము చెంత సముద్రతీరమున నున్న యీ చిన్న గ్రామము కాకతీయుల కాలమున గొప్ప రేవు. తుపానుచేత నోడ తీరమునకు కొట్టుకొనివచ్చినచో అందలి సరకునంతయు అచటి రాజు దోచుకొనుట యానాటి రివాజు. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు, అన్నియు రాజువే. 1244లో గణపతిదేవుడు అభయశాసనము వేయించి యా దోపిడిని మాన్పించెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చువారికి ధనము ప్రాణముకంటెను గొప్పదని తలచి, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమని యందు చెప్పెను. సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పట్టు, మిరియాలు మొదలగు సరకులకు వేర్వేఱుగ సుంకములు వ్రాయబడినవి. మిరియాలున్నవి గాని మిరపకాయ లేదు. అది పోర్చుగీసువారి రాకకు పిమ్మట మన దేశమునకు వచ్చినది. మిరపకాయలతో పేరుగన్న గుంటూరుసీమవారు దీనిని విని యాశ్చర్యపడుదురు. కొండవీటి అనవోతారెడ్డియు 1358లో అదే రేవున వర్తకులకు మరల నభయమిచ్చెను. ఆపదలో నున్న పరదేశి సొమ్ము మనది కాదని యొక రాజు రాతిమీద వ్రాయించిన యూరు మోటుపల్లి. పదుమూడవ శతాబ్ది చివర మార్కోపోలో యీ రాజ్యమును ముత్ఫిలి యని పేర్కొని, అచట నొక రాణి న్యాయముగ పాలించెననియు, సాలెపురుగు గూడువంటి సన్నని వస్త్రములు నేయుదురనియు వ్రాసెను. ఆమెను రాజుగారి విధవ యనుకొన్నాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. ఆడుది రాజ్యమేలుట కూతురి హక్కుచేత గూడ జరుగునని యాతనికి తోచలేదు కాబోలు.

నిజాంపట్టణమును, మచిలీపట్టణమును గూర్చి పెక్కుమంది వ్రాసినందున విడిచితిమి. 1611లో ఇంగ్లీషువారి గ్లోబు ఓడ యీ రెండు రేవులకును వచ్చినదని చెప్పిన చాలును. కాని యే భూగోళపుస్తకమునను లేని నగర మొకటి గలదు. ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలకసంఘమును స్థాపించి పన్నులు పెంచగా, 1921లో వేలకొలది ప్రజలు, పెనుగంచిప్రోలునందు జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున, ఇండ్లు వాకిళ్లు విడిచి పొలిమేర దాటి పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు పెట్టిరి. ఎండకును వానకును ఓర్చి, పసిబిడ్డలతోను ముసలివారితోను పదునొకండు మాసము లందు కాపురముండిరి. ఆ నగరమునకు కోట లేదు, రాజు లేడు, నేడు దిబ్బయైనను లేదు. భట్టిప్రోలు భరిణెమీద పేర్లు చెక్కించుకొన్న నిగమమువారి వంటివారే వీరును. భరిణె మాత్రము లేదు.

ఇవన్నియు పిల్లలకు నేర్పుట యెట్లని కొందఱడుగుదురు. పరీక్షలో మార్కులు రావని మఱికొందఱందురు. 2022లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట భట్టిప్రోలు, చందవోలు, మోటుపల్లి బాపట్లజిల్లాలోనికి పోయినవి; పొన్నూరు గుంటూరుజిల్లాలో మిగిలినది. అమరావతి యన్న నేటి బాలురకు 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని స్ఫురించును. చైత్యమున్న పాత యమరావతి పల్నాడుజిల్లాలో నున్నది. పటములు మాఱినప్పుడెల్ల పాఠములును మాఱును, పొరుగూరు పరాయిదగును. కాబట్టి యీ పని బడికి విడువక యింటనే మొదలుపెట్టుట మేలు. కథలు చెప్పు తల్లులు బాలచంద్రునితో పాటు విధికునిగూడ చెప్పవచ్చును; నందపురపు స్త్రీలను చెప్పినచో ఆడుబిడ్డలు మఱింత శ్రద్ధగా విందురు.

నిడుబ్రోలు స్టేషనులో చెన్నపట్టణపు బండి యెక్కినవారు మొదట బాపట్లను దాటుదురు. ప్రథమాంధ్రమహాసభ 1913లో జరిగిన దచటనే. పిమ్మట చీరాల, ఆ పొలిమేరలోనే రామనగరముండెను. తరువాత 1918లో సారస్వతనికేతనమను గ్రంథాలయము వెలసిన వేటపాలెము. చినగంజాము ప్రాంతమున సముద్రపు వైపు చూచినచో తాటితోపులు కనబడును. వాని యావల మోటుపల్లి యున్నది. వీరభద్రస్వామి గుడియొద్ద గణపతిదేవుని యభయశాసనము గల రాయి నిలిచియున్నది.