చిడతలు: హరికథలో, చెక్కభజనలో

హరికథ ప్రస్తావన రాగానే కథకుని గాత్రం, పాండిత్యం, ఆశుధోరణి చర్చకు వస్తాయి. అతని చేతిలోని చిడతలు మాత్రం గజ్జెలు, పట్టుపంచె, పూలదండలతోపాటు వేషంలో ఒక భాగంగానే మిగిలిపోతాయి. నిజానికి ఒకే మనిషి కథ చెప్పి, పాడి, ఆడి, అభినయించే ఈ ప్రక్రియ నిలబడడానికి ఆ చెక్కల అమరికే ఒక ఆధారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చిరుతలు, చిడతలు, చెక్కలు అని ప్రాంతాన్నిబట్టి పేరు మారే ఈ వాద్యం రెండు కర్రముక్కల జత. లోపలి తలాలు చదునుగా, వెలుపలి తలాలు గుండ్రంగా ఉంటాయి. కర్రలో తొలిచిన గాళ్లలో పలుచని లోహపు బిళ్లలు వదులుగా కదులుతుంటాయి. ఒక చెక్క బొటనవేలి వైపు, రెండవది మిగిలిన వేళ్ల వైపు ఉంటుంది. అరచేయి మూసి తెరిస్తే తాళం పలుకుతుంది. చదును తలాలు తాకినప్పుడు కర్ర దెబ్బ, వెంటనే బిళ్లల గలగల. చెక్కలను తాకనీయక మణికట్టును ఆడిస్తే బిళ్లలు మాత్రమే మోగుతాయి. దెబ్బకూ దెబ్బకూ నడుమనున్న కాలాన్ని ఈ గలగలతో నింపడంలోనే వాదకుని నేర్పు తెలుస్తుంది. చర్మంగాని తీగగాని లేని ఈ వాద్యం శాస్త్రరీత్యా ఘనవాద్యాల కోవలోనిది.

జత మొత్తం ఒక్క చేతిలో ఇమిడిపోవడం గమనింపదగినది. రెండు చేతులకూ పని చెప్పే తాళాలతో నిలబడిన కథకుడు హస్తాభినయం చేయలేడు. చిడతలతో ఒక చేయి లయను కాపాడుతుంటే రెండవది రాముని విల్లు కాగలదు, సీత కొంగు కాగలదు. మృదంగం, వయొలిన్ పక్కనున్నప్పటికీ నడక మార్చే అధికారం కథకుని చేతిలోనే ఉంటుంది. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) చేతులతో, పాదాలతో, శిరస్సుతో ఏకకాలంలో వేర్వేరు తాళాలు నడిపి పంచముఖి ప్రదర్శించారని ప్రసిద్ధి. 1883లో కుప్పుస్వామి నాయుడు హరికథ విని ఈ మార్గం పట్టిన దాసుగారు 1919లో విజయనగరం సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షులయ్యారు. ఆ లయప్రజ్ఞను దైవదత్తమని పొగిడి ఊరుకుంటే, దేహంలోని ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క పని అప్పగించే హరికథా శిక్షణ మరుగున పడుతుంది.

నెల్లూరు, చిత్తూరు, కడప ప్రాంతాల చెక్కభజనలో ఇదే వాద్యం వేరొక క్రమానికి లోబడుతుంది. గురువు పల్లవి అందిస్తాడు. బృందం దానిని తిరిగి పాడుతూ, చెక్కలు వాయిస్తూ, వలయంగానో వరుసలుగానో అడుగులు మారుస్తుంది. ఇక్కడ చేతి దెబ్బ అభినయానికి తోడు కాదు, అడుగుకు ఆజ్ఞ. ఒక్కరి దెబ్బ తప్పితే వలయం చెదురుతుంది. ఇంతటి సామూహిక క్రమశిక్షణ గల కళ పేరు నేటి వాడుకలో ముఖస్తుతికి పర్యాయపదం కావడం విచారకరం. హరికథను శాస్త్రీయమనీ, చెక్కభజనను జానపదమనీ వేర్వేరు అధ్యాయాలలో పెట్టే అలవాటు వల్ల ఈ రెంటినీ వాద్యం దృష్టితో పోల్చే అవకాశం తగ్గింది.

తెలంగాణ చిరుతల రామాయణం ఈ విభజనకు లొంగదు. అందులో పాత్రధారులు వేర్వేరు. కథ ఉంది, సంభాషణ ఉంది, వలయాకార నృత్యమూ ఉంది. రాముడైనా రావణుడైనా చిరుతలు పట్టే రంగంలో అడుగుపెడతాడు.