నక్కవాగు ఒడ్డు పల్లెలు



శతాబ్ది సంచికలో గుడుల చరిత్ర, దొరల చరిత్ర వ్రాయువారు అనేకులు గలరు. పాస్నెట్టు దొరగారు కరవు దినములలో పని కల్పించి కట్టించిన మెదకు దేవాలయము 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడినదని మన పిల్లలకు సైతము తెలియును. మేము మాత్రము బొంతపల్లికి దక్షిణమున, పటాన్‌చెరు ప్రక్కగా పారు నక్కవాగును, దాని పల్లెలను గూర్చి వ్రాయ తలచితిమి.

నక్కవాగు మంజీరలో కలియును, మంజీర గోదావరిలో కలియును. పోచారము, బాచుగూడెము, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట మొదలగు పల్లెలకు ఈ వాగే ఆధారము. పల్లమున వరి, చెరకు. మెరకన జొన్న, కంది. నీరటి తూము తీసి నీరు పంచెడివాడు. పొలము పటేలుదో దేశముఖుదో. చాకిరి మన తాతలది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను, 1949లో జాగీర్లు రద్దాయెను. అయినను మన వాడలలో అనేకులు జీతగాండ్రుగానే మిగిలిరి.

1970 దశకము మొదలు పటాన్‌చెరులో, తరువాత బొల్లారము, ఖాజీపల్లి, బొంతపల్లి ప్రాంతములలో కర్మాగారములు లేచినవి. నెల తిరుగగానే రొక్కము చేతికి వచ్చుట చిన్న మేలు కాదు. బాప్తిస్మపు రిజిస్టరులో తండ్రి వృత్తి అను గడిలో ‘కూలి’ పోయి ‘కంపెనీ’ వచ్చినది. అయితే ఆ కాలముననే వాగు రంగు మారినది. మోషే దినములలో ఐగుప్తు ఏటికి కలిగినట్టే చేపలు చచ్చెను, బావులు చెడెను.

1990లో ఈ సంగతి సుప్రీంకోర్టుకెక్కినది. కోర్టు ఆజ్ఞపై జిల్లా జడ్జిగారు నష్టము లెక్కించిరి. పరిహారము ఎకరముల చొప్పున కట్టబడినది. ఎకరమే లేనివాని మాటేమి? నాటు వేసిన స్త్రీలు, వాగులో చేపలు పట్టినవారు, బట్టలుతికినవారు ఏ ఎకరము చూపవలెను?

హాలెండు దేశములోను ఇట్టి వ్యాజ్యమే నడచినది. రైను నది నీటితో మొక్కలు పెంచువారు, ఎగువనున్న ఫ్రాన్సు గనుల ఉప్పు వలన నష్టపడి దావా వేసిరి. నష్టము కలిగిన చోటనే దావా వేయవచ్చునని 1976లో యూరోపు న్యాయస్థానము తేల్చెను. వారికైనను చూపుటకు తోటలు ఉండెను.

2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించి, అందు సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని వ్రాసిరి. ఆ మందు మింగిన రోగి రక్తములో ఉండు మోతాదు కంటె అది ఎక్కువ! 2009లో 18 కిలోమీటర్ల గొట్టము వేసి ఆ కేంద్రపు నీటిని మూసీ వైపు మళ్ళించిరి. మూసీ ఒడ్డునను రైతులున్నారని వేరుగ చెప్పనేల?

కోత పండుగ మన సంఘములలో నేటికిని జరుగుచున్నది. పళ్ళెములో పోయు బియ్యము మాత్రము కిరాణా కొట్టుది. పెద్దలు గింజ చేతిలోకి తీసికొని, ఇది మన వాగు వడ్లది కాదని చూడగనే చెప్పుదురు.